రోల్ అందరూ వాడాలంటే ఎన్ని వేరియబుల్స్ పెట్టాలి? మూడు పద్ధతులు, ఏది ఎప్పుడు

ఆమధ్య పక్క టీమ్ కుర్రాడు ఒకడు మా ఆన్సిబుల్ రోల్ (సర్వర్లని సెటప్ చేసే పనుల్ని ఎవరైనా మళ్ళీ వాడుకునేలా కట్టగట్టి పెట్టింది) వాడదామని దాని డిఫాల్ట్స్ ఫైల్ ఓపెన్ చేసి, కిందకి స్క్రోల్ చేసి చేసి, చివరికి నా దగ్గరికొచ్చి "అన్నా, నాకు టైమ్ సర్వర్ అడ్రస్ ఒక్కటి మార్చాలి, ఇందులో ఏది మార్చాలి?" అని అడిగాడు. అరవై పైచిలుకు వేరియబుల్స్ ఉన్నాయి అందులో. రాసింది నేనే, రాసినప్పుడు అబ్బ ఎంత ఫ్లెక్సిబుల్‌గా చేశాను అని మురిసిపోయాను కూడా.

ఆన్సిబుల్ రోల్ అనండి, పప్పెట్ మాడ్యూల్ అనండి, షెఫ్ కుక్‌బుక్ అనండి, సాల్ట్ ఫార్ములా అనండి, పేర్లు వేరు గానీ తలనొప్పి ఒకటే. లోపల టాస్కులు రాయడం ఒక పూట పని. బయటివాడికి ఏం చూపించాలి, ఏం దాచాలి అన్నది తేల్చుకోవడం దగ్గరే అందరం బోల్తా పడతాం. ఇక్కడ నేను పోల్చేది టూల్స్‌ని కాదు (అది కూడా మధ్యలో వస్తుంది కొంచెం), మాడ్యూల్‌కి బయట వైపు డిజైన్ చేసే పద్ధతుల్ని.

క్రోనీని (మెషీన్ గడియారాన్ని టైమ్ సర్వర్‌తో సింక్ చేసే ప్రోగ్రామ్) తీసుకుందాం, చిన్నది కాబట్టి అర్థం చేసుకోవడం ఈజీ. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్రం తరఫున సైబర్ సెక్యూరిటీ చూసే సంస్థ) వాళ్ళు డైరెక్షన్స్ ఇచ్చారు గుర్తుందా, ఇన్సిడెంట్ అయితే ఆరు గంటల్లో రిపోర్ట్ చెయ్యాలి అన్నదాని మీదే అందరూ కొట్టుకున్నారు గానీ అదే ఆర్డర్‌లో ఇంకో ముక్క ఉంది, సిస్టమ్స్ గడియారాలన్నీ ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైమ్ సర్వర్లకి, లేదంటే వాటి నుంచి టైమ్ తీసుకునే సర్వర్లకి సింక్ అయి ఉండాలని. అంటే ఏం లేదు, ప్రతి మెషీన్‌లో ఒక ఫైల్‌లో రెండు మూడు లైన్లు మారాలి. కానీ రెడ్‌హ్యాట్ ఫ్యామిలీలో ఆ ఫైల్ నేరుగా ఈటీసీ కిందే ఉంటుంది, సర్వీస్ పేరు క్రోనీడీ. ఉబుంటు, డెబియన్‌లో అదే ఫైల్ ఈటీసీ కింద క్రోనీ అనే ఇంకో ఫోల్డర్‌లో ఉంటుంది, సర్వీస్ పేరు ఉట్టి క్రోనీ. పాత మెషీన్లలో క్రోనీ బదులు ఎన్‌టీపీడీ ఉండొచ్చు, రెడ్‌హ్యాట్ 8 నుంచి అయితే ఆ ప్యాకేజీనే లేదు. ఈ గోలంతా వాడేవాడికి తెలియక్కర్లేదు, వాడు సర్వర్ల లిస్టు ఒకటి ఇస్తే చాలు, మిగతాది రోల్ చూసుకోవాలి. మాడ్యూల్ అనేది ఉన్నదే అందుకు. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు, గొడవంతా సర్వర్ల లిస్టు తర్వాత ఇంకేం ఇవ్వాలి అన్నదగ్గర.

మొదటి పద్ధతి, ప్రతి సెట్టింగ్‌కి ఒక వేరియబుల్. నేను చేసింది ఇదే. డ్రిఫ్ట్ ఫైల్ ఎక్కడ, లాగ్ ఫోల్డర్ ఎక్కడ, మేక్‌స్టెప్ ఎంత, ఇలా కాన్ఫిగ్ ఫైల్‌లో వచ్చే ప్రతి మాటకీ ఒక వేరియబుల్, టెంప్లేట్‌లో, అంటే విలువలు నింపితే కాన్ఫిగ్ ఫైల్ తయారయ్యే నమూనాలో, దానికో ఇఫ్. కొత్తగా చేరినవాడికి డాక్స్ చదివితే అన్నీ కనిపిస్తాయి, తప్పు విలువ ఇస్తే పట్టుకోవచ్చు, అది నిజమే. కానీ అసలు సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో ఒక ఆప్షన్ వచ్చిన ప్రతిసారీ "మీ రోల్‌లో ఇది లేదు, యాడ్ చెయ్యండి" అని టికెట్ వస్తుంది, చేస్తూ పోతే టెంప్లేట్ ఇఫ్‌ల అడవి అవుతుంది.

ఈ పద్ధతి ఎక్కువగా పప్పెట్ వైపు కనిపిస్తుంది, అక్కడ దానికి ఒక న్యాయం కూడా ఉంది. పప్పెట్ ఫోర్జ్‌లో (మాడ్యూల్స్ దొరికే సైట్) ఉండే పప్పెట్‌ల్యాబ్స్ అపాచీ మాడ్యూల్‌లో ఒక్క వీహోస్ట్‌కే (ఒక వెబ్‌సైట్ సెట్టింగ్‌ల ముక్క) వంద దాటి పారామీటర్లు ఉంటాయి. చూస్తే కళ్ళు తిరుగుతాయి, అయినా అది నిలబడుతోంది అంటే కారణం టైపులు. 2015లో వచ్చిన పప్పెట్ 4 నుంచి పోర్ట్ అంటే 1 నుంచి 65535 మధ్య నంబరే అయి ఉండాలి అని పారామీటర్ పక్కనే రాసేయొచ్చు, ఎవడైనా అక్కడ మాటలు రాస్తే క్యాటలాగ్ (ఆ మెషీన్‌లో ఏమేం ఉండాలో చెప్పే లిస్టు) కంపైల్ అవ్వదు, సర్వర్ జోలికే వెళ్ళదు. ఆన్సిబుల్‌లో అలాంటి సదుపాయం కోర్ 2.11తో, అంటే 2021లో వచ్చింది, రోల్‌లో మెటా ఫోల్డర్‌లో ఆర్గ్యుమెంట్ స్పెక్స్ అనే ఫైల్ పెడితే రోల్ మొదలవ్వగానే చెక్ చేస్తుంది. అప్పటిదాకా అసర్ట్ టాస్కులు (షరతు నిజం కాకపోతే ఆగిపో అని చెప్పేవి) చేత్తో రాసుకునేవాళ్ళం. ఇప్పటికీ చాలా రోల్స్‌లో ఆ ఫైల్ ఉండదు, మీరు రోల్ రాస్తుంటే మాత్రం ఇది మానొద్దు, పది నిమిషాల పని.

ఒక మెలిక ఉంది ఇక్కడ. టైపు చెక్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. వేరియబుల్ పేరే తప్పు రాస్తే ఆన్సిబుల్ కిమ్మనదు, ఎందుకంటే దాని లెక్కలో అది ఎవరికో సంబంధించిన ఇంకో వేరియబుల్. పప్పెట్‌లో క్లాస్‌కి నేరుగా తప్పు పేరుతో పారామీటర్ ఇస్తే ఎర్రర్ కొడుతుంది గానీ హైరాలో (పప్పెట్ విలువలు తీసుకునే డేటా ఫైళ్ళు) తప్పు పేరు రాస్తే అదీ నోరెత్తదు. ఈ విషయం మళ్ళీ చివర్లో వస్తుంది.

రెండో పద్ధతి, ఒక డిక్షనరీ ఇచ్చేయడం. మాడ్యూల్ రాసినవాడు ఒక్కో ఆప్షన్ గురించి ఆలోచించడు, వాడేవాడు ఇచ్చిన కీ-వాల్యూ జతల్ని వరసగా ఫైల్‌లో దించేస్తాడు అంతే. పప్పెట్‌ల్యాబ్స్ మైఎస్‌క్యూఎల్ మాడ్యూల్‌లో ఓవర్‌రైడ్ ఆప్షన్స్ అని ఒక హ్యాష్ ఉంటుంది చూడండి, మైఎస్‌క్యూఎల్‌డీ సెక్షన్ కింద మ్యాక్స్ కనెక్షన్స్ 1024 అని రాస్తే అదే కాన్ఫిగ్‌లోకి వెళ్తుంది. ఆన్సిబుల్‌లో లినక్స్ సిస్టమ్ రోల్స్ వాళ్ళ ఎస్ఎస్‌హెచ్‌డీ (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అవ్వనిచ్చే సర్వీస్) రోల్ కూడా అంతే, కీ పేర్లన్నీ ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో ఉండే పేర్లే. దీనివల్ల వచ్చే పెద్ద లాభం ఏంటంటే వాడేవాడు మీ రీడ్‌మీ చదవక్కర్లేదు, అసలు సాఫ్ట్‌వేర్ మ్యాన్ పేజీ చదివితే చాలు. మీరు కొత్త పేర్లు కనిపెట్టి వాడి నెత్తిన రుద్దట్లేదు.

కానీ ఈ పద్ధతిలో ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను కాబట్టి వివరంగా చెప్తా. రోల్ డిఫాల్ట్స్‌లో ఎస్ఎస్‌హెచ్‌డీ డిక్షనరీలో రెండు కీలు పెట్టాం అనుకోండి, రూట్ లాగిన్ నో, పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో. ఒక టీమ్ వాళ్ళు పోర్ట్ మాత్రం 2222 చేద్దామని గ్రూప్ వార్స్‌లో (ఒక గుంపు మెషీన్లకి విలువలు రాసే చోటు) అదే డిక్షనరీ పేరుతో పోర్ట్ ఒక్కటే రాశారు. వాళ్ళ ఉద్దేశం మిగతా రెండూ అలాగే ఉంటాయని. ఆన్సిబుల్ మామూలుగా డిక్షనరీలని కలపదు, పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టేస్తుంది. అంటే ఫైల్‌లో పోర్ట్ లైన్ ఒక్కటే మిగులుతుంది, మిగతా రెండూ గాయబ్. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌కి సొంతంగా ఉన్న డిఫాల్ట్ ప్రకారం పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఆన్. పోర్ట్ మార్చబోయి పాస్‌వర్డ్ లాగిన్ తెరిచి కూర్చున్నారు, రన్ మాత్రం పచ్చగా పాస్ అయింది, ఎవరికీ అనుమానం రాలేదు. నాది అని చెప్పుకోవడానికి సిగ్గే గానీ ఆ రోల్ నాదే, స్కాన్ రిపోర్ట్ వచ్చేదాకా తెలీలేదు.

దీనికి మందు ఏంటంటే రెండు డిక్షనరీలు పెట్టడం. రోల్ తరఫున డిఫాల్ట్‌లు ఒకదాంట్లో, వాడేవాడి మార్పులు ఖాళీగా ఉన్న ఇంకోదాంట్లో, టెంప్లేట్ దగ్గర కంబైన్ ఫిల్టర్‌తో కలపడం. కాన్ఫిగ్‌లో హ్యాష్ మెర్జ్ బిహేవియర్ మార్చేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది మొత్తం ప్రాజెక్ట్‌కి వర్తిస్తుంది, ఎవరెవరి రోల్స్ విరుగుతాయో తెలీదు. పప్పెట్‌లో ఈ బాధ తక్కువ, మాడ్యూల్ డేటాలో లుకప్ ఆప్షన్స్ అని పెట్టి ఈ పారామీటర్‌ని డీప్ మెర్జ్ చెయ్యి అని మాడ్యూల్ రాసినవాడే చెప్పేయొచ్చు. ఈ ఒక్క విషయంలో పప్పెట్ డిజైన్ నాకు బాగా నచ్చుతుంది.

ఇంకో జాగ్రత్త, డిక్షనరీలో తప్పు స్పెల్లింగ్ ఇస్తే అది యథాతథంగా ఫైల్‌లోకి వెళ్తుంది, సర్వీస్ లేవదు. ఎస్ఎస్‌హెచ్‌డీ లేవకపోతే ఇంక ఆ మెషీన్‌లోకి ఎలా వెళ్తారు. అందుకే టెంప్లేట్ టాస్క్‌లో వ్యాలిడేట్ అని ఉంటుంది, కొత్త ఫైల్‌ని అసలు చోట పెట్టేముందు ఎస్ఎస్‌హెచ్‌డీ టెస్ట్ మోడ్‌తో చెక్ చేయించొచ్చు, ఫెయిలైతే పాత ఫైల్ చెక్కుచెదరదు. సుడోయర్స్‌కి (రూట్ హక్కులు ఎవరికో రాసే ఫైల్) విసుడోతో చెక్ చేయించడం అందరికీ తెలిసిందే. డిక్షనరీ పద్ధతి ఎంచుకుంటే ఇది కచ్చితంగా ఉండాల్సిందే.

మూడోది, టెంప్లేటే మార్చుకోనివ్వడం. వాడేవాడు తన టెంప్లేట్ ఫైల్ దారి ఇస్తాడు, రోల్ దాన్ని వాడుతుంది. పూర్తి స్వేచ్ఛ అన్నమాట. కానీ ఆలోచిస్తే ఇక రోల్ చేసే పని ప్యాకేజీ వెయ్యడం, ఫైల్ కాపీ కొట్టడం, సర్వీస్ లేపడం, అంతేగా. పైగా రోల్‌లో మీరు ఒక సెక్యూరిటీ లైన్ కొత్తగా యాడ్ చేస్తే సొంత టెంప్లేట్ పెట్టుకున్న వాళ్ళెవరికీ అది చేరదు, వాళ్ళు రెండేళ్ళ కిందటి కాపీ పట్టుకుని ఉంటారు. ఎంజిన్ఎక్స్, హెచ్ఏప్రాక్సీ లాంటివాటికి మాత్రం ఇది తప్పదు, ఆ కాన్ఫిగ్‌లు దాదాపు ప్రోగ్రాములే, వాటిని యామల్‌లో (ఆన్సిబుల్ వేరియబుల్స్ రాసే ఫార్మాట్) చెప్పబోతే యామల్‌లో ఇంకో భాష కనిపెట్టినట్టే. గీర్లింగ్‌గై పేరుతో జెఫ్ గీర్లింగ్ పెట్టిన ఎంజిన్ఎక్స్ రోల్ ఇక్కడ మధ్యేమార్గం పట్టింది, టెంప్లేట్‌ని జింజా (ఆన్సిబుల్ టెంప్లేట్లు రాసే భాష) బ్లాకులుగా విడగొట్టారు, మీరు దాన్ని ఎక్స్‌టెండ్ చేసి మీకు కావాల్సిన బ్లాక్ ఒక్కటే మార్చుకోవచ్చు, మిగతాది రోల్‌తో పాటు అప్‌డేట్ అవుతూ ఉంటుంది. కాపీ కొట్టి అదే చెయ్యండి, తప్పేం లేదు.

మూడే అన్నాను గానీ నాలుగోది కూడా ఉంది, డ్రాప్-ఇన్ ఫైల్స్. అసలు ఫైల్ ముట్టుకోకుండా పక్కన పేరు చివర .d ఉండే ఫోల్డర్‌లో మన ముక్క ఒకటి పడేయడం. సిస్టమ్‌డీ, సుడోయర్స్, ఎస్ఎస్‌హెచ్‌డీ అన్నిట్లో ఇప్పుడు ఉంది ఇది. సాఫ్ట్‌వేర్ సపోర్ట్ చేస్తే నా మొదటి ఓటు దీనికే, ఎందుకంటే డిస్ట్రో వాళ్ళ ఫైల్ డిస్ట్రోది, మన ఫైల్ మనది, అప్‌గ్రేడ్‌లో గొడవ ఉండదు. కాకపోతే ఫైల్ పేర్ల వరస తెలుసుకోవాలి. చాలా సాఫ్ట్‌వేర్‌లలో చివర చదివిందే గెలుస్తుంది కదా అని అలవాటు మీద 99తో మొదలయ్యే పేరు పెడతాం, ఎస్ఎస్‌హెచ్‌డీలో రివర్స్, మొదట కనిపించిన విలువే ఫైనల్. ఉబుంటు మెషీన్లలో క్లౌడ్-ఇనిట్ వాడు (మెషీన్ మొదటిసారి లేచినప్పుడు సెటప్ చేసే టూల్) చాలాసార్లు 50తో ఒక ఫైల్ పెట్టి అందులో పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ రాసి ఉంచుతాడు, మీ 99 ఫైల్‌లో నో అని ఎంత రాసినా వాడిదే చెల్లుతుంది. 10 అని పెట్టండి. ఇలాంటి ముక్క వాడేవాడికి తెలియక్కర్లేకుండా చేస్తేనే రోల్‌కి విలువ.

మరి ఏది ఎంచుకోవాలి అంటే, నేనిప్పుడు చేసేది ఇలా ఉంటుంది: ప్రతి టీమ్ కచ్చితంగా మార్చే ఐదారు విషయాలకి పేరున్న వేరియబుల్స్, టైపు చెక్‌తో సహా. మిగతా అన్నిటికీ ఒక డిక్షనరీ. టెంప్లేట్ దారి కూడా ఒక వేరియబుల్‌గా ఉంటుంది గానీ రీడ్‌మీలో చిట్టచివర, గతిలేనప్పుడు వాడండి అన్నట్టు. కొత్త వేరియబుల్ ఎప్పుడు యాడ్ చేస్తానంటే డిక్షనరీలో అదే కీ మూడు టీమ్‌లు రాయడం కనిపించినప్పుడు. ఎవరైనా అడుగుతారేమో అని ముందే పెట్టడం మానేశా.

ఒకే టీమ్, ఒకే డిస్ట్రో, పది సర్వర్లు అయితే మాత్రం ఇదంతా వదిలేయండి. మామూలు ప్లేబుక్ రాసుకుని టెంప్లేట్‌లో విలువలు నేరుగా కొట్టేయండి. రీయూజబుల్ అనే మాట మీద మోజుతో వారం ఖర్చుపెట్టి రాసి, చివరికి ఒక్క చోటే వాడిన రోల్స్ నేను చాలా చూశాను, కొన్ని రాశాను కూడా.

ఇంక వేరియబుల్ ఎక్కడ పెట్టాలి అన్నది. ఆన్సిబుల్‌లో ప్రిసిడెన్స్ (ఒకే పేరు రెండు చోట్ల ఉంటే ఏది గెలుస్తుందన్న వరస) 22 మెట్లు, షెఫ్ ఆట్రిబ్యూట్స్‌కి (అక్కడి వేరియబుల్స్) 15. ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు, రోల్ రాసేవాడికి ఒకటి తెలిస్తే చాలు: డిఫాల్ట్స్ ఫోల్డర్‌లో పెట్టింది ఎవరైనా మార్చగలరు, వార్స్ ఫోల్డర్‌లో పెట్టింది ఇన్వెంటరీ (మెషీన్ల లిస్టు, వాటి గ్రూప్ వార్స్) నుంచి మార్చలేరు. సర్వీస్ పేరు డిస్ట్రోని బట్టి మారుతుంది కాబట్టి అందరూ దాన్ని వార్స్‌లో ఓఎస్ పేరుతో ఫైల్ పెట్టి ఇంక్లూడ్ వార్స్ చేస్తారు, అప్పుడు ఎవడికైనా ప్రత్యేకంగా కట్టిన ప్యాకేజీ ఉండి సర్వీస్ పేరు వేరే ఉంటే గ్రూప్ వార్స్‌లో ఎంత మొత్తుకున్నా పనిచెయ్యదు. చిట్కా ఏంటంటే లోపలి విలువకి రెండు అండర్‌స్కోర్లతో పేరు పెట్టి వార్స్‌లో ఉంచడం, అసలు పేరుని డిఫాల్ట్స్‌లో పెట్టి దానికి ఈ లోపలిదాన్ని చూపించడం. ఓఎస్ చూసుకునే పనీ జరుగుతుంది, మార్చుకునే దారీ ఉంటుంది. అలాగే ప్రతి వేరియబుల్ ముందు రోల్ పేరు తగిలించండి, ఉట్టి సర్వర్స్ అని, పోర్ట్ అని పెడితే ఇంకో రోల్‌లో అదే పేరుంటే అయిపోయారు.

ఒకరి పరిధిలోకి ఒకరు వెళ్ళడం గురించి కూడా చెప్పాలి. క్రోనీ రోల్ ఫైర్‌వాల్ ఓపెన్ చెయ్యాలా? నా సమాధానం వద్దు అనే. పప్పెట్‌లో రెండు మాడ్యూల్స్ ఒకే ప్యాకేజీని డిక్లేర్ చేస్తే డూప్లికేట్ డిక్లరేషన్ అని క్యాటలాగ్ అక్కడే ఆగిపోతుంది, విసుగ్గా ఉంటుంది గానీ గొడవ బయటపడుతుంది. ఆన్సిబుల్‌లో ఒక రోల్ పెట్టిన లైన్ ఇంకో రోల్ తీసేస్తుంది, మళ్ళీ రన్ కొడితే మళ్ళీ అదే తంతు, ఇద్దరూ చేంజ్డ్ అని చూపిస్తూ ఉంటారు, ఎవరూ ఫెయిలవ్వరు.

రీస్టార్ట్ విషయం ఇంకా సీరియస్. వెనకటికి ఒక కంపెనీలో పనిచేసినప్పుడు, టెంప్లేట్ పైన కామెంట్‌లో ఈ ఫైల్ ఫలానా తేదీ ఫలానా టైమ్‌కి తయారైంది అని ముచ్చటపడి రాశాం. టైమ్ ప్రతి రన్‌కీ మారుతుంది కదా, ఫైల్ మారినట్టే లెక్క, హ్యాండ్లర్ (ఏదైనా మారితేనే నడిచే టాస్క్) లేస్తుంది, డేటాబేస్ రీస్టార్ట్. రాత్రి రన్ కొట్టినన్ని రోజులు ఎవరికీ తెలీలేదు. ఒకరోజు పొద్దున పదకొండున్నరకి వేరే ఏదో చిన్న మార్పు కోసం రన్ కొట్టాం, బిల్లింగ్ మొత్తం ఆగిపోయింది. అప్పట్నుంచి రెండు అలవాట్లు. ఒకటి, రోల్ రెండోసారి రన్ చేస్తే చేంజ్డ్ సున్నా రావాలి, మాలిక్యూల్‌లో (రోల్స్‌ని టెస్ట్ చేసే టూల్) దీనికోసం ఐడెంపొటెన్స్ స్టెప్ ఉంది, అది ఆపొద్దు. రెండు, రీస్టార్ట్ చెయ్యాలా వద్దా అన్నది వాడేవాడి చేతిలో ఉండే వేరియబుల్. పప్పెట్ వాడేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం, ఆన్సిబుల్ మనం కొడితేనే రన్ అవుతుంది, పప్పెట్ ఏజెంట్ మామూలు సెట్టింగ్‌లో ప్రతి 30 నిమిషాలకి తనంతట తనే రన్ అవుతుంది, మాడ్యూల్‌లో తప్పు ఉంటే మీరు టీ తాగి వచ్చేలోపు అన్ని మెషీన్లకీ వెళ్ళిపోతుంది. నోఆప్‌తో (ఏదీ మార్చకుండా ఏం మారుతుందో చూపించే మోడ్) ముందు చూసుకోవాల్సింది అందుకే.

సొంతంగా రాయాలా, గెలాక్సీలోదో (ఆన్సిబుల్ రోల్స్ దొరికే సైట్) ఫోర్జ్‌లోదో తెచ్చుకోవాలా అంటే, టైమ్ సింక్ లాంటివాటికి మాత్రం రాయకండి. లినక్స్ సిస్టమ్ రోల్స్‌లో టైమ్‌సింక్ అనే రోల్ ఉంది, హోస్ట్‌నేమ్, ఐబర్స్ట్ ఇచ్చి సర్వర్ల లిస్టు రాస్తే క్రోనీనా ఎన్‌టీపీడీనా అన్నది అదే చూసుకుంటుంది. వెర్షన్ మాత్రం రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో పిన్ చెయ్యండి. దాని మీద మీ కంపెనీ విలువలు, అంటే ఎన్ఐసీ వాళ్ళ సమయ్ సర్వర్ల అడ్రస్‌లు లాంటివి, పల్చటి రేపర్‌లో పెట్టుకోండి. షెఫ్ వాళ్ళు దీన్నే రేపర్ కుక్‌బుక్ అంటారు, పప్పెట్ వాళ్ళు ప్రొఫైల్ అంటారు, 2012లో క్రెయిగ్ డన్ రోల్స్ అండ్ ప్రొఫైల్స్ అని రాసిన దగ్గర్నుంచి అక్కడ అందరూ అదే పాటిస్తున్నారు. మీ ఐపీ అడ్రస్‌లు మాడ్యూల్ లోపల రాశారంటే అది ఇక ఎవరికీ పనికిరాదు, మీ రెండో డేటాసెంటర్‌కి కూడా.

టూల్ కూడా ఇప్పుడే ఎంచుకుంటున్నారా? అయితే ఎవరి చేతిలో ఏది ఉందో ఒకసారి చూసుకోండి. ఆన్సిబుల్‌ని 2015లో రెడ్‌హ్యాట్ కొంది. షెఫ్ 2020లో ప్రోగ్రెస్‌కి వెళ్ళింది, సాల్ట్ అదే ఏడాది వీఎంవేర్‌కి, అక్కణ్నుంచి బ్రాడ్‌కామ్‌కి. పప్పెట్‌ని 2022లో పర్ఫోర్స్ తీసుకుంది, తర్వాత కమ్యూనిటీ వాళ్ళు 2025లో ఓపెన్‌వాక్స్ అని ఫోర్క్ చేశారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఆన్సిబుల్ చెప్తాను, వేలకొద్దీ మెషీన్లు ఉండి డ్రిఫ్ట్ అవ్వకుండా, అంటే సెట్టింగ్‌లు పక్కకి జరగకుండా, ఎప్పటికప్పుడు సరిచెయ్యాలి అంటే పప్పెట్ వైపు. షెఫ్ ఇప్పటికే ఉంటే ఉంచుకోండి, ఆట్రిబ్యూట్స్ తగ్గించి కస్టమ్ రిసోర్సులకి మారండి, 12.5 నుంచి అవి రాయడం తేలికైంది. సాల్ట్‌తో నాకు పెద్ద అనుభవం లేదు కాబట్టి ఊరుకుంటా.

ఆ కుర్రాడు అడిగిన రోజు సాయంత్రం కూర్చుని, ఆ అరవైలో నిజంగా ఎవరైనా మార్చినవి ఎన్ని ఉన్నాయో చూద్దామని అన్ని టీమ్‌ల రెపోలు క్లోన్ చేసి గ్రెప్ కొట్టా. ఐదు. ఆ ఐదులో ఒకటి ఏడాదిన్నర నుంచి స్పెల్లింగ్ తప్పుతో ఉంది, చివర ఎస్ మిస్. అంటే ఆ టీమ్ మెషీన్లన్నీ ఇన్నాళ్ళూ నా డిఫాల్ట్ సర్వర్లకే సింక్ అవుతున్నాయి, వాళ్ళేమో ఆడిట్‌లో సమయ్ అని రాసిచ్చారు.